ఇంటర్వెల్ తర్వాత ముప్పై ఎనిమిది నిమిషాలు

4, శుక్రవారం

మ్యాట్నీకి వెళ్ళి వచ్చాను. లిఫ్టు తలుపుకు అంటించిన "మరమ్మతు జరుగుచున్నది" కాగితం పసుపు రంగుకు తిరిగింది గానీ మరమ్మతు చేసే మనిషి జాడ లేదు. మూడంతస్తులూ నడిచే ఎక్కాను. రెండో అంతస్తులో గోడకు ఆనుకుని, ఎవరైనా చూస్తారేమోనని జేబులో తాళం వెతుక్కుంటున్నట్టు నటించాను. ఎవరూ రాలేదు. నటనంతా దండగైంది.

మా ఇంటావిడకి మాత్రలిచ్చి, మోకాళ్ళ కింద దిండు సర్ది, పొయ్యి మీద కూర పడేసి ఇది రాస్తున్నాను. ఆవిడ మోకాళ్ళ ఆపరేషనై రెండు నెలలు. అప్పట్నుంచి వంటిల్లు నాది. ఆవిడ మంచం మీది నుంచి వాసన పట్టి "ఉప్పు వెయ్యలేదు" అంటుంది. ఉప్పుకి వాసనేమిటో నాకు అర్థం కాదు గానీ, ఎప్పుడూ నిజమే అవుతుంది.

సినిమా హిందీది. ప్రేమ, పగ, రెండూ ఒకే మనిషి మీద. హీరో అన్నని హీరోయిన్ తండ్రి అన్యాయంగా జైలుకి పంపించాడు, అన్న అక్కడే పోయాడు. తమ్ముడు ఆ పిల్లకి దగ్గరై, ప్రేమించినట్టు నటించి, తరవాత నిజంగానే ప్రేమించి, ప్రేమిస్తూనే పగ తీర్చుకుంటూ ఉంటాడు. ఇంత పని ఒక్కడు ఎలా చేస్తాడో తెలియదు. నాకు వంట, మందులు, మెట్లు, ఈ మూడే ఒక రోజులో ఇమడడం లేదు.

నోటుపుస్తకంలో గంటలు, నిమిషాల లెక్కన రాసుకున్నవి: 0.17 చెంపదెబ్బ. 0.41 ముద్దు, వానలో, నాలుగు సెకన్లు. 0.58 తాగుడు, బూతులు మూడు, కొత్తవేమీ కావు. 1.12 కత్తి, నెత్తురు గోడ మీద నీడగా. 1.19 ఇంటర్వెల్. 1.24 హీరోయిన్ ఏడుపు. 2.02 హీరోయిన్ చేతికి పిస్తోలు. 2.31 నెత్తురు, ధారాళంగా. 2.36 ముద్దు, ఆ నెత్తురుతోనే.

రెండో సగం నెమ్మదిగా నడిచింది. 1.24కీ 2.02కీ మధ్య రాసుకోదగ్గది ఏమీ కనిపించలేదు.

కూర మాడుతోంది.

5, శనివారం

"తల్లిదండ్రులకు సూచిక" రాసి లైబ్రరీలో ఇచ్చి వచ్చాను. ఎప్పటిలాగే లైబ్రరీ అమ్మగారు కళ్ళజోడు ముక్కు చివరికి దించి చదివి, "ధారాళంగా అన్న మాట బావుంది" అని, ఒక ప్రతి బోర్డుకి గుచ్చి, ఒకటి ఫొటో తీసి ఫోన్లో నాలుగొందల మంది తల్లులకి పంపించింది.

ఈ పనికి నేనెలా తగిలానో ఒకసారి రాసుకోవాలి. ముప్పై ఒక్క ఏళ్ళు సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్ని. చదువు ఆరో క్లాసుతో ఆగింది. మిగతాదంతా ఆ గదిలో, రీలు తిరుగుతుండగా, అద్దె పుస్తకాల మీద సాగింది. హిందీ కూడా అక్కడే, వేలసార్లు విన్న డైలాగుల మీద వచ్చింది. అందుకే నాకు హిందీలో ప్రేమించడం, శపించడం, కోర్టులో సాక్ష్యం చెప్పడం వచ్చు. కూరగాయలు బేరమాడడం రాదు.

హాలు మూతపడ్డాక లైబ్రరీలో పేపర్లు చదువుకుంటూ ఉంటే, ఒకావిడ పక్కావిడతో "ఫలానా సినిమాకి పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా?" అంది. నేను తలెత్తకుండా "గంటా పన్నెండు నిమిషాలకి బయటికెళ్ళి, గంటా పదహారుకి లోపలికి రండి. మధ్యలో కథేమీ పోదు" అన్నాను. ఆవిడ అలాగే చేసిందట. వారం తిరక్కుండా నా పేరిట ఒక బోర్డు వెలిసింది. మంచి సినిమానా, చెడ్డ సినిమానా అని నేను రాయను. ఎన్నో నిమిషానికి లేవాలి, ఎన్నో నిమిషానికి కూర్చోవాలి, అంతే. అయిదు గళ్ళు: ముద్దులు, నెత్తురు, బూతులు, తాగుడు, బట్టలు.

ఈ సినిమాకి "పదిహేను దాటిన పిల్లలు స్నేహితులతో వెళ్ళవచ్చు" అని రాశాను.

మరొక్క మాట. ఆపరేటరు నిద్రపోడు. పోయినా రీలు మారే ముందు తెర కుడి మూలన పైన చుక్క పడుతుంది. ఆ చుక్క కంటి రెప్ప మీద పడితే చాలు, శవమైనా లేస్తుంది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క రీలు తప్పలేదు. ఇప్పుడు రీళ్ళూ లేవు, చుక్కలూ లేవు. సినిమా అంతా ఒక్క ముక్క.

ఇది ఎందుకు రాశానో తెలియదు.

6, ఆదివారం

ఇంటావిడ జాకెట్లు వదులు చేయించడానికి కింద దర్జీ అమ్మాయి షాపుకి వెళ్ళాను. ఆపరేషన్ తర్వాత కూర్చునే ఉండడంతో ఒళ్ళొచ్చింది. ఆ మాట నేను అనలేదు. "బట్ట కుంచించుకుపోయింది" అన్నాను.

"అవును బాబాయి గారూ, ఈ మధ్య బట్ట అలాగే వస్తోంది" అంది దర్జీ అమ్మాయి, టేపు మెడలో వేసుకుంటూ. తెలివైన మనిషి. తరవాత గొంతు తగ్గించి, ఎప్పుడూ అడిగేదే అడిగింది.

"మంట ఉందా?"

ఇది నా సూచికలో లేని ఆరో గడి. ఆవిడ కోసమే చూస్తాను, ఆవిడకే చెప్తాను. పొయ్యి మంట, దీపం, సిగరెట్టు లెక్కలోకి రావు. ఇల్లు గానీ కొట్టు గానీ మనిషి గానీ అంటుకోవడం, అదీ మంటంటే. రెండేళ్ళ కిందట వెనక వీధిలో ఆవిడ పాత షాపు తగలబడింది. ఆవిడ కూతురు లోపల హోంవర్కు చేసుకుంటోంది. తల్లి కుట్టిన బట్టలిచ్చి రావడానికి వీధి చివరిదాకా వెళ్తూ, పిల్ల ఒక్కతే ఉందని షట్టరు దించి వెళ్ళింది. జనం గునపాలతో షట్టరు లేపి పిల్లని బయటికి లాగారు. ఎడమ చెయ్యి మణికట్టు నుంచి మోచెయ్యి దాకా కాలింది. ఇప్పుడు ఎండాకాలంలో కూడా ఫుల్ చేతుల చొక్కాయే. మంటకి కారణం వైరింగు అన్నారు.

అప్పట్నుంచి తల్లీకూతుళ్ళు సినిమాకి వెళ్తే నా నిమిషాల చీటీతోనే వెళ్తారు. టైము కాగానే తల్లి పిల్లని లేపుకుని బయటికొచ్చి, ఇద్దరూ ఏదో ఒకటి తాగి లోపలికి వెళ్తారు. రెండేళ్ళలో ఒక్క నిమిషం తేడా రాలేదు.

"ఈసారి నేను వెళ్ళడం లేదు బాబాయి గారూ. వచ్చే శనివారం స్కూలు పిల్లలు అయిదుగురు కలిసి వెళ్తారట. 'అమ్మా నువ్వు రావద్దు' అంది. పక్కన లేపే మనిషి ఉండదు కదా. అందుకని అసలు మంటే ఉండకూడదు. ఉందంటే మానిపిస్తాను."

నేను నోటుపుస్తకం తీసి పేజీ మొత్తం చూశాను. చూసినట్టు ఆవిడకి కనపడేలా చూశాను.

"లేదమ్మా. మంట లేదు."

ఆవిడ మొహం తేటపడింది. లోపల మిషను వెనకాల కూర్చుని గుండీలు కుడుతున్న పిల్ల తలెత్తి ఒకసారి నా వైపు చూసి మళ్ళీ దించేసింది. దాన్ని అందరూ గుండీ అనే పిలుస్తారు. ఒక నిమిషానికి నాలుగు గుండీలు కుట్టగలదు.

జాకెట్లు శుక్రవారానికి ఇస్తానంది.

7, సోమవారం

టార్చి కూరగాయల కొట్టు దగ్గర కలిశాడు. మా పాత హాల్లో టార్చిలైటు పట్టుకుని జనాన్ని సీట్లలో కూర్చోబెట్టేవాడు. ఇప్పుడు కొత్త హాల్లో, మాల్ నాలుగో అంతస్తులో, గేటు దగ్గర ఫోన్లలో టిక్కెట్లు చూసి లోపలికి పంపిస్తుంటాడు. ముప్పై ఏళ్ళ చీకటి తర్వాత వెలుగులోకి వచ్చాడు పాపం, మనిషి నల్లబడ్డాడు.

"గురువుగారూ, శుక్రవారం వచ్చారు కదా. ఆ డాన్స్ స్కూలు సీను ఎలా ఉంది? హాలంతా ఎర్రగా అయిపోయింది. నేను తలుపు సందులోంచి చూసి అదిరిపోయాను."

"బావుంది" అన్నాను.

"తగలెట్టిందీ వాడే, కాపాడిందీ వాడే. ఏం రాశాడండీ."

వంకాయలు ఏరడం మొదలుపెట్టాను. అవసరం లేకపోయినా కిలో కొన్నాను.

టార్చి పనిచేసే చోట నాలుగు తెరలున్నాయి. ఒకదానిలోది ఒకదానితో కలిపేసి ఉంటాడు. వాడికి మొదట్నుంచీ అంతే. ఒకసారి బాల్కనీ వాళ్ళని నేల క్లాసులో కూర్చోబెట్టాడు.

8, మంగళవారం

కళ్ళు మూసుకోవడం వేరు, నిద్రపోవడం వేరు. చెవులు తెరిచే ఉన్నాయి.

9, బుధవారం

బట్టలు ఉతికే రోజు. మిషనులో వేసేది నేను. మంచం మీది నుంచి తనిఖీ చేసేది ఇంటావిడ.

"ఆ తెల్ల చొక్కా ఇలా ఇవ్వండి."

ఇచ్చాను.

"శుక్రవారం సినిమాకి వేసుకెళ్ళింది ఇదేనా?"

"ఏం?"

"కుడివైపు కాలరు చూడండి. చొంగ."

"చెమట."

"చెమట ఒక్క వైపే కారుతుందా మీకు? నలభై నాలుగేళ్ళుగా మీ దిండు గలీబులు ఉతికాను. నాకు తెలీదా? మీరు కుడివైపు తల వాల్చి నిద్రపోతారు, నోరు తెరిచి. హాయిగా పడుకున్నారు. మంచిదే. ఇంట్లో ఎలాగూ పడుకోనివ్వను కదా నేను."

ఆ చివరి మాట ఆవిడ గోడ వైపు చూస్తూ అంది. నేను ఆవిడ పక్కన మంచం మీద కూర్చున్నాను. మిషను గిర్రున తిరుగుతోంది.

తరవాత ఆవిడకి చెప్పాను. టార్చి మాట, దర్జీ అమ్మాయి అడిగింది, నేను లేదన్నది.

"ఎందుకన్నారు?"

"పేజీలో లేదు మరి."

"పేజీలో లేకపోతే లేదనా? నిద్రపోయానని చెప్పొచ్చు కదా."

"ఆపరేటరు…"

"ఆపరేటరు లేడు. ఆ హాలు కూడా లేదు" అంది ఇంటావిడ. "అక్కడ ఇప్పుడు చెప్పుల కొట్టు ఉంది. మీరు అరవై తొమ్మిదేళ్ళ మనిషి. పొద్దున్నే లేచి మూడంతస్తులు నీళ్ళ కేను మోసి, వంట చేసి, నాకు బట్టలు మార్చి, అప్పుడు చల్లగా ఏసీలో కూర్చోబెడితే నిద్ర రాదా? రాకపోతే డాక్టరుకి చూపించాలి. రేపు వెళ్ళి మళ్ళీ చూసి రండి. మందులు నేనే వేసుకుంటాను."

ఆవిడకి ఇంత కోపం, ఇంత జాలి ఒకేసారి ఎలా వస్తాయో. నేను ఏదో ఒకటే పడగలను.

10, గురువారం

వెళ్ళాను. కూర్చుంటే ప్రమాదమని వెనక గోడకు ఆనుకుని నిలబడి చూశాను. టార్చి స్టూలు తెచ్చి ఇస్తే వద్దన్నాను.

1.47. డాన్స్ స్కూలు. సాయంత్రం, పిల్లలందరూ వెళ్ళిపోయాక హీరోయిన్ ఒక్కతే అద్దం ముందు ప్రాక్టీసు చేసుకుంటూ ఉంటుంది. హీరో బయటి నుంచి షట్టరు దించుతాడు. తాళం వేస్తాడు. పెట్రోలు. అగ్గిపుల్ల వెలుగులో వాడి మొహం అందంగా చూపించారు. అద్దాల్లో మంట పది మంటలుగా కనిపిస్తుంది. పిల్ల షట్టరు బాదుతుంది. వాడు బయట కూర్చుని ఏడుస్తాడు. తరవాత మనసు మారి, తనే షట్టరు విరగ్గొట్టి, దుప్పటి కప్పుకుని లోపలికి దూకి ఆమెని ఎత్తుకుని బయటికొస్తాడు. పాట. ఆ పాట మంటలోనే మొదలై వానలో ముగుస్తుంది. 1.53.

హాల్లో చప్పట్లు. ఈలలు. నా ముందు వరసలో ఒక కుర్రజంట, ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది. "ఎంత ప్రేమో" అంది.

దీన్ని ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు. నెత్తురు లేదు. బూతు లేదు. బట్టలు నిండుగానే ఉన్నాయి. ముద్దు లేదు, ఎత్తుకోవడమే. నా అయిదు గళ్ళ ప్రకారం ఆ ఆరు నిమిషాలూ పసిపిల్లలు కూడా చూడొచ్చు. అగ్గిపుల్ల గీసినవాడికే చప్పట్లు కొట్టడమన్నది ఎంత వయసు దాటాక చూడాలో ఎవరూ నన్నడగలేదు, నేనూ గడి గియ్యలేదు. ఇన్నేళ్ళూ ముద్దులు సెకన్లతో సహా లెక్కపెడుతూ కూర్చున్నాను.

మెట్ల మీద మూడు చోట్ల ఆగాను. తాళం వెతుక్కోలేదు.

11, శుక్రవారం

పొద్దున్న లైబ్రరీకి వెళ్ళి సవరణ కాగితం ఇచ్చాను. "ఇంటర్వెల్ తర్వాత ముప్పై ఎనిమిది నిమిషాలు నేను నిద్రపోయాను. ఆ వేళలో 1.47 నుంచి 1.53 దాకా ఒక ఆడపిల్లని గదిలో పెట్టి నిప్పంటించే దృశ్యం ఉంది. అంటించినవాడిని సినిమా మెచ్చుకుంటుంది. పిల్లలతో వెళ్ళినవాళ్ళు లేవకపోయినా ఫరవాలేదు. ఇంటికొచ్చాక దాని గురించి మాట్లాడండి."

లైబ్రరీ అమ్మగారు రెండుసార్లు చదివింది.

"నిద్రపోయానని రాయాలా? సాంకేతిక లోపం అని రాద్దామండి."

"ఏ సాంకేతికం?"

"ఏదో ఒకటి. తల్లులకి నమ్మకం పోతుంది."

"పోవాలి కదా మరి" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, బోర్డుకి గుచ్చింది. ఫోన్లో మాత్రం రేపు పంపిస్తానంది. ఫోన్లు చూస్తూ అందరూ ఒకేసారి కోప్పడితే తట్టుకోలేదట.

అక్కణ్నుంచి దర్జీ షాపుకి వెళ్ళాలి. రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి లోపల ఎవరో కొలతలిస్తున్నారు. రెండోసారి ఎవరూ లేరు. రెండుసార్లూ తిరిగొచ్చేశాను.

సాయంత్రం గుండీయే జాకెట్లు పట్టుకుని పైకి వచ్చింది. ఇంటావిడకి ఇచ్చి, వంటింట్లోకి వచ్చి, నేను గిన్నెలు తోముతుంటే గోడకు ఆనుకుని నిలబడింది.

"తాతయ్యా, మీరు నిద్రపోయారు కదా."

"బోర్డు చూశావా?"

"ఏ బోర్డు? మొన్నే తెలుసు నాకు. అమ్మ ఫోన్లో చూశాను, మీరు రాసినదాంట్లో ఇంటర్వెల్ తర్వాత ముప్పై ఎనిమిది నిమిషాలు ఏమీ లేదు. హిందీ సినిమాలో ముప్పై ఎనిమిది నిమిషాలు ఏమీ జరక్కుండా ఉంటుందా? పాటన్నా ఉండాలి కదా."

నేను గిన్నె తోముతూనే ఉన్నాను.

"మా క్లాసమ్మాయి చూసొచ్చి చెప్పింది. డాన్స్ స్కూలు, షట్టరు, అంతా. అమ్మకి చెప్పకండి."

"నువ్వు ఎందుకు వెళ్ళాలనుకుంటున్నావు?"

"చూడాలని."

"మంటనా?"

"మంటని కాదు." చొక్కా చెయ్యి కిందికి లాక్కుంది. "ప్రతిసారీ బయటికెళ్ళి నిలబడతాం తాతయ్యా. లోపలికొచ్చేసరికి అందరి మొహాలూ ఒకలా ఉంటాయి. ఏం చూశారో నాకు తెలీదు. బయట ఉన్నంతసేపూ నా తలకాయలో ఉండేదే వేరే. అది సినిమా కన్నా చాలా పెద్దది. సినిమాలోదే చిన్నదేమో. చూస్తే తెలుస్తుంది కదా."

"నాకు చెప్పినట్టు మీ అమ్మకి చెప్పొచ్చు కదా."

"అమ్మకి మంట అన్న మాట చెప్తే వేలికి సూది గుచ్చుకుంటుంది" అంది, చాలా మామూలుగా. "చెప్పరు కదా?"

నేను మాటివ్వలేదు. గిన్నె కడిగి బోర్లించాను. అది కాసేపు చూసి, "అక్కడ ఇంకా మసి ఉంది" అని వేలితో చూపించి వెళ్ళిపోయింది.

12, శనివారం

పొద్దున్న పదింటికి షాపుకి వెళ్ళాను. దర్జీ అమ్మాయి నోట్లో గుండుసూదులు పెట్టుకుని బొమ్మకి తొడిగిన గౌనుకి అంచు మడుస్తోంది. గుండీ లోపల జడ వేసుకుంటోంది.

"అమ్మాయ్, ఆ సినిమాలో మంట ఉంది."

ఆగమన్నట్టు చెయ్యెత్తింది. సూదులు ఒక్కొక్కటే తీసి మణికట్టుకు కట్టుకున్న దిండులో గుచ్చింది.

"లేదన్నారు."

"నిద్రపోయాను."

"మీరా?"

"నేనే."

లోపల జడ ఆగిపోయింది.

"రెండేళ్ళుగా మీ చీటీ పట్టుకునే వెళ్తున్నాను బాబాయి గారూ. ఆదివారం అడిగితే పుస్తకం తీసి చూశారు కూడా."

"చూశాను."

"ఖాళీ పేజీ చూశారా?"

"ఖాళీ పేజీయే చూశాను."

తిట్టి ఉంటే బావుండేది. గౌను అంచు పట్టుకుని అలాగే కూర్చుంది.

"ఎంతసేపు?"

"నిద్రా?"

"మంట."

"ఆరు నిమిషాలు. డాన్స్ స్కూల్లో. షట్టరు వేసి ఉంటుంది."

గుండీ బయటికొచ్చింది, సగం జడతో. నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. తల్లి అటు తిరక్కుండానే అంది, "విన్నావుగా. వద్దు."

"నాకు ముందే తెలుసమ్మా."

"ముందే తెలుసా? తెలిసి వెళ్దామనుకున్నావా?"

"అవును."

"అయితే మరీ వద్దు."

"అమ్మా, వాళ్ళంతా పన్నెండున్నరకి గేటు దగ్గరికి వస్తారు. ఏమని చెప్పను? నాకు పదిహేనేళ్ళు, సినిమాలో నిప్పుందని మా అమ్మ పంపించలేదని చెప్పనా? అందరికీ తెలుసు నా చెయ్యి సంగతి. ఎవరూ అడగరు. అడక్కుండా ఉండడమే నాకు విసుగ్గా ఉంది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. నేను వెళ్ళిపోదామనుకుని, వెళ్ళడం కూడా పారిపోవడమే అవుతుందని ఆగిపోయాను.

చివరికి తల్లి లేచి పిల్ల జడ తన చేతిలోకి తీసుకుంది. అల్లుతూ, "నేనూ వస్తాను" అంది. "వెనక కూర్చుంటాను. బాబాయి గారూ, మీరూ రావాలి. నాకు టైము తెలియదు. మీరు చెప్తే వెళ్ళి లేపుకొస్తాను."

"వెనక అంటే బాగా వెనక" అంది గుండీ.

"గోడకి ఆనుకుని."

"నన్ను పిలవకూడదు."

"సరే."

"మీరు నిద్రపోకూడదు" అంది నాతో. ఆ మాటతో నాతో రాజీ పడినట్టో, ఇక ఎప్పటికీ పడనట్టో నాకు తెలియలేదు.

ఒకే సినిమా తొమ్మిది రోజుల్లో మూడోసారి. ఆపరేటరుగా ఒక్కో సినిమా రెండొందలసార్లు చూసినవాణ్ణి, ఇంత బరువుగా ఎప్పుడూ చూడలేదు. చివరి వరసలో మేమిద్దరం. అయిదు వరసల ముందు అయిదుగురు పిల్లలు, ఎడమ నుంచి రెండో తల గుండీది. ఇంటర్వెల్లో మా వైపు తిరగలేదు. వాళ్ళంతా దేనికో పగలబడి నవ్వుకుంటున్నారు. తల్లి ఆ నవ్వులో తన పిల్ల నవ్వు ఏదో వెతుక్కుంది.

1.44కి చెప్పాను. 1.46కి మళ్ళీ చెప్పాను.

దర్జీ అమ్మాయి లేచింది. ముందుకి రెండు మెట్లు దిగింది. తెర మీద హీరో షట్టరు మీద చెయ్యి వేశాడు. అయిదు వరసల కింద ఆ రెండో తల కదల్లేదు. తల్లి అక్కడే ఆగి, ఒక్క క్షణం నిలబడి, వెనక్కి తిరిగి నన్ను దాటుకుంటూ తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయింది.

వెంట వెళ్ళాను. టార్చి ఏదో అనబోయి మా మొహాలు చూసి ఊరుకున్నాడు. లాబీలో అరటాకు రంగు కుర్చీలున్నాయి. ఆవిడ కూర్చోలేదు. తలుపులోంచి దబదబమని సంగీతం వస్తోంది.

"లేపలేదు" అన్నాను.

"లేపితే రాదు. నేనే ఉండలేకపోయాను." రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడింది. "ఇంత చప్పుడు ఉండదు బాబాయి గారూ. నేను వీధి చివర్నుంచి వచ్చేసరికి అసలు చప్పుడే లేదు. లోపల్నుంచి పిల్ల షట్టరు కొడుతున్న చప్పుడొకటే. మొదట ఎవరో మేకు కొడుతున్నారనుకున్నాను. అలా అనుకుంటూ మామూలుగానే నడిచాను."

నేను గడియారం చూసి సినిమా నిమిషాలు లెక్కేశాను. 1.49.

"వైరింగు అన్నారు కదా" అన్నాను. ఏదో ఒకటి అనాలని.

"అందరూ అన్నారు. నేను కాదనలేదు. వెళ్ళేముందు ఒక గౌను ఇస్త్రీ చేశాను. పెట్టె స్విచ్చి ఆపానా లేదా? రెండేళ్ళుగా గుర్తు చేసుకుంటున్నాను. ఒకరోజు ఆపినట్టే ఉంటుంది. ఒకరోజు ఉండదు. పిల్ల ఎప్పుడూ అడగలేదు."

రెండేళ్ళుగా ఆవిడ "మంట ఉందా" అని అడుగుతోంది. నేను ప్రతిసారీ పిల్ల కోసమే అనుకుని, పిల్ల వయసుకి తగ్గట్టే జవాబు చెప్పాను.

పక్కన నిలబడ్డాను. అంతవరకే చేతనైంది.

1.53 దాటింది. లోపల చప్పట్లు. పాట వానలోకి వచ్చినట్టుంది, చప్పుడు మారింది. అయిపోయిందని నేను చెప్పాలి. అది నా పని. నోరు తెరిచాను గానీ, ఈ వారం నేను చెప్పిన మాటల్లో ఆవిడ ఏది నమ్మాలని?

తలుపు తెరుచుకుంది. గుండీ వచ్చింది. వెనక వరస ఖాళీగా ఉండడం చూసి వచ్చి ఉంటుంది. మొహం ఎర్రగా ఉంది, కళ్ళు తడిగా ఉన్నాయి. భయమో, ఏడుపో, కోపమో, మూడూనో. ఎడమ చెయ్యి చొక్కా మడత మోచేతి దాకా పైకి జరిగి ఉంది. దింపుకోవడం మరిచిపోయింది.

"అంత పొగలో పాటెవరు పాడతారమ్మా" అంది. "వాడు అగ్గిపుల్ల గీస్తే మా వాళ్ళంతా ఈల వేశారు. నేను వెయ్యలేదు."

తల్లి ఆ చెయ్యి వైపే చూస్తోంది.

"రా అమ్మా" అంది గుండీ. "అయిపోయింది."

"నిజంగా అయిపోయిందా?" అంది దర్జీ అమ్మాయి. నన్ను కాదు, పిల్లని అడిగింది.

"అయిపోయింది. నేను చూశాను కదా."